షిఫ్టు డ్యూటీల మధ్య క్రోషే: సిస్టర్స్ ఎలా మొదలుపెట్టాలి

మూడు షిఫ్టుల్లో తిరిగే నర్సు ఏ హాబీ అయినా మొదలుపెట్టగలదు, అన్నీ నిలబడవు, అంతే. రెసిన్ ఆర్ట్‌లో అచ్చులో పోసే ద్రవం ఒకసారి కలిపాక గట్టిపడేలోపు పోసెయ్యాలి, మధ్యలో పిల్లాడు లేచినా వార్డు నుంచి ఫోన్ వచ్చినా ఆ డబ్బులు పోయినట్టే. మగ్గం వర్క్ అందంగానే ఉంటుంది కానీ సూది గుచ్చుకుంటే మర్నాడు ఆ వేలితోనే డ్రెస్సింగులు చెయ్యాలి, రక్తం తియ్యాలి. గ్లవ్స్ ఉన్నా సరే, తెగిన చర్మంతో వార్డులోకి వెళ్లడం నాకు ఇష్టం ఉండదు. అందుకే నా ఓటు క్రోషేకి, అంటే కొక్కెం ఉన్న సూదితో దారం అల్లడానికి. సూది మొన మొద్దుగా ఉంటుంది, ఎక్కడ కావాలంటే అక్కడ ఆపొచ్చు, తప్పితే లాగేసి మళ్లీ అల్లుకోవచ్చు. మనకి కొత్త పనేం కాదు కూడా, నరసాపురం వైపు ఆడవాళ్లు 19వ శతాబ్దం నుంచీ లేసు అల్లుతున్నారు. కాకపోతే ఆ సన్న దారంతో మొదలుపెట్టకండి, నైట్ డ్యూటీ దిగిన కళ్లకి అది శిక్ష.

4 మి.మీ. క్రోషే సూది, మధ్యరకం మందం ఉన్న లేత రంగు కాటన్ దారం చాలు. నలుపు, నేవీ బ్లూ వద్దు, కుట్లు కనబడవు.

చేతుల సంగతి ముందే చూసుకోండి. రోజంతా హ్యాండ్‌రబ్ వాడిన వేళ్లు గరుకెక్కి దారాన్ని పట్టేస్తాయి. పడుకునే ముందు వాజిలిన్ రాయండి, అల్లడానికి కూర్చునే ముందు మాత్రం వద్దు, దారం మరకలవుతుంది. దారం సంచి వార్డులోకి తీసుకెళ్లకండి, బస్సులో అల్లినా డ్యూటీలో అది లాకర్‌లోనే ఉండాలి.

ఇక టైము. నైట్ దిగి వచ్చిన పొద్దున కొత్త డిజైన్ జోలికి వెళ్లొద్దు, నిద్రపోండి. లెక్క అవసరమయ్యే వరసలు ఆఫ్ రోజుకి ఉంచుకుని, మిగతా రోజుల్లో ఒకే కుట్టు తిరిగి తిరిగి వచ్చే వరసలు అల్లండి. ఆపిన ప్రతిసారీ ఎన్నో వరస, ఎన్ని కుట్లు అన్నది చీటీ మీద రాసి సంచిలో పెట్టండి. డ్యూటీలో హ్యాండోవర్ రాసే మనకి ఇది ఒకరు నేర్పాలా!

మొదటి వస్తువుగా పసిపిల్లల టోపీ బాగుంటుంది. దారంతో చేసే, కొస లాగితే బిగిసే ఉంగరం, అంటే మ్యాజిక్ రింగ్‌లో 12 డబుల్ క్రోషేలు, అంటే సూదికి ముందు ఒకసారి దారం చుట్టుకుని వేసే కుట్లు, వేయండి (ఇది అమెరికన్ లెక్క; బ్రిటిష్ వీడియోల్లో డబుల్ అంటే అమెరికన్ సింగిల్, జాగ్రత్త). రెండో వరసలో ప్రతి కుట్టులో రెండేసి వేస్తే 24. మూడో వరసలో ఒకదాంట్లో ఒకటి, పక్కదాంట్లో రెండు, అలా 36. ఇలా వరసకి 12 చొప్పున పెంచుకుంటూ వెళ్లి, వృత్తం అడ్డంగా 10 నుంచి 11 సెం.మీ. రాగానే పెంచడం ఆపేసి, ఉన్న కుట్ల మీదే చుట్టూ అల్లుకుంటూ పోతే అదే గిన్నెలా వంగుతుంది. నెలలు నిండి పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 34, 35 సెం.మీ. కాబట్టి ఈ కొలత కొద్దిగా సాగి సరిపోతుంది. పైనుంచి అంచు దాకా 13, 14 సెం.మీ. లోతు చాలు.

ఇక్కడే మనలోని నర్సు మాట వినాలి. పూసలు, బొత్తాలు, కట్టుకునే తాళ్లు పెట్టొద్దు. దారం కొసలు లోపలికి గట్టిగా కుట్టెయ్యాలి. టోపీ వచ్చింది కదా అని చేతి తొడుగులు, మేజోళ్లు కూడా అల్లేస్తారు చాలామంది, నన్నడిగితే వద్దంటాను: లోపల వదులుగా ఉన్న ఒక్క దారప్పోగు పసివేలికి చుట్టుకున్నా రక్తం ఆడదు, బిడ్డ ఎందుకు ఏడుస్తోందో ఎవరికీ తెలీదు. టోపీని ఉతికి ఆరబెట్టాకే ఇవ్వండి, ఇంట్లో నిద్రపోయేటప్పుడు తీసెయ్యమని తల్లికి చెప్పండి, మన ఎండలకి ఒళ్లు వేడెక్కిపోతుంది.

ఒక్కటి అల్లగానే "అక్కా, నాకూ ఒకటి" అని వార్డంతా అడుగుతారు. దారం ఖర్చు ఇమ్మనడానికి మొహమాటపడొద్దు. వ్యాపారంగా అమ్మాలనుకుంటే మాత్రం, ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్నవాళ్లు ముందు సర్వీసు రూల్స్ చూసుకుని, అవసరమైన పర్మిషన్ తీసుకోండి.