చార్మినార్ చుట్టూ ఒక రోజు: ఏ పూట ఎక్కడ ఏం తినాలి?

తిండి కోసమే చార్మినార్ దగ్గరికి వెళ్లేవాళ్లలో చాలామంది మధ్యాహ్నం పన్నెండు దాటాక దిగుతారు. అప్పటికి నహారీ (పొద్దున తినే మాంసం పులుసు) దేగిశాలు ఖాళీ అయిపోతాయి, పొద్దుటి దోశల సందడి తగ్గిపోతుంది. ఇక మిగిలేది బిర్యానీ ఒక్కటే. అది తినేసి, బాగానే ఉందనుకుంటూ ఇంటికి వచ్చేస్తారు. పాతబస్తీలో ప్రతి తిండికీ ఒక పూట ఉంది, ఆ పూటకి అక్కడ ఉంటేనే దాని అసలు రుచి తెలుస్తుంది. అందుకే కింది వరుస మొత్తం వేళను బట్టి రాశాను.

1. రోజు చూసుకుని బయల్దేరండి

శుక్రవారం వద్దు. మక్కా మసీదులో జుమ్మా నమాజు ఉంటుంది కాబట్టి మధ్యాహ్నం రోడ్లన్నీ నిండిపోతాయి. తిండి మధ్యలో చూద్దామనుకునే సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ కూడా ఆ రోజు మూసే ఉంటాయి. ఆదివారం జనం ఎక్కువ. వారం మధ్యలో ఏ రోజైనా హాయిగా ఉంటుంది. రంజాన్ నెల సంగతి వేరు, దాని గురించి చివర్లో చెబుతాను.

సొంత కారు తీసుకెళ్లకండి. చార్మినార్ దగ్గరిదాకా బండ్లను వెళ్లనివ్వరు, పార్కింగ్ వెతుక్కోవడంతోనే ఆకలి చచ్చిపోతుంది. మెట్రోలో వస్తే ఎంజీబీఎస్ స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కండి. మదీనా చౌరస్తా దగ్గర దిగిపోయి అక్కణ్ణుంచి పత్తర్‌గట్టి, గుల్జార్ హౌజ్ మీదుగా నడిస్తే చార్మినార్ వచ్చేస్తుంది. తినాల్సినవి చాలావరకు ఈ దారిలోనే ఉన్నాయి.

2. తెల్లారుతూనే నహారీ

మాంసం తినేవాళ్లు ఆరు, ఆరున్నరకల్లా నయాపూల్, మదీనా ప్రాంతంలో ఉండాలి. నాయాబ్ లాంటి హోటళ్లలో ఆ వేళకే బల్లలన్నీ నిండి ఉంటాయి. మేక కాళ్లు, నాలుక మసాలాలతో రాత్రంతా సన్న సెగ మీద ఉడుకుతాయి, పొద్దునకి పులుసు వేళ్లకి అంటుకునేంత జిగురుగా తయారవుతుంది. "భాయ్, ఏక్ నహారీ, దో కుల్చా" అంటే చాలు. ముందు పైన నిమ్మకాయ పిండండి. కుల్చా అంటే ఒక రకం రొట్టె, దాన్ని పెద్ద ముక్కలుగా తుంచి పులుసులో బాగా నాననివ్వండి. ఇద్దరికి ఒక్క నహారీ సరిపోతుంది. ఇంకా రోజంతా తినాలి కాబట్టి రెండోది చెప్పకండి.

కాస్త ఓపిక ఉంటే పురానీ హవేలీ వైపు నాన్ దుకాణాలు చూసి రండి. నేలలో దింపిన పెద్ద తందూరు చుట్టూ పనివాళ్లు ఉంటారు. ఒకరు పిండిని నాలుగు మూలలుగా సాగదీసి ఇస్తే, ఇంకొకరు దాదాపు నడుము దాకా తందూరులోకి వంగి లోపలి గోడకి కొట్టి వస్తారు. కాసేపటికి ఇనుప చువ్వలతో పైకి లాగుతారు. ఆ చార్ కోనీ నాన్‌ని కాయితంలో చుట్టించుకుని అక్కడే వేడివేడిగా ఒక ముక్క తినండి. దానికి కూర కూడా అక్కర్లేదు.

3. శాకాహారులకి గుల్జార్ హౌజ్

పాతబస్తీలో శాకాహారులకి ఏమీ దొరకదన్న మాట నిజం కాదు. చార్ కమాన్‌ల (నాలుగు పెద్ద తోరణాల) మధ్య, గుల్జార్ హౌజ్ దగ్గర గోవింద్ దోశ ఉంది. పొద్దున్నే వెళ్లి పెనం దగ్గరగా నిలబడండి. దోశ మీద వెన్న ముద్ద, ఉల్లిపాయ, టమాటా, కారప్పొడి, ఉప్మా వేసి, అన్నింటినీ గరిటెతో పెనం మీదే నలిపి పరుస్తారు. తవా ఇడ్లీ అయితే ఇడ్లీలను వెన్నలో, పొడిలో అటూ ఇటూ కాల్చి ఇస్తారు. మన ఇళ్లలో చేసే దోశతో దీన్ని పోల్చకండి, ఇది వేరే తిండి. నిలబడే తినాలి, చిల్లర దగ్గర పెట్టుకోండి. ఆ చుట్టుపక్కల పాల దుకాణాల్లో మలై వేసిన లస్సీ కూడా దొరుకుతుంది.

4. చాయ్, దాని పక్కన బిస్కెట్

చార్మినార్ పక్కనే, మక్కా మసీదు ఎదురుగా నిమ్రా కేఫ్ ఉంది. ఇరానీ చాయ్‌లో టీపొడి, పాలు కలిపి మరిగించరు. మూతపెట్టిన పాత్రలో డికాక్షన్ చాలాసేపు సన్న సెగ మీద ఉంటుంది, పాలు విడిగా మరిగి చిక్కబడతాయి. కప్పులో ఆ రెండూ కలిసేది మీరు అడిగాకే. అందుకే వాసన అంత తాజాగా ఉంటుంది. చక్కెర బాగానే పడుతుంది, షుగర్ ఉన్నవాళ్లు ముందే అడగాలి. ఇద్దరుంటే "వన్ బై టూ" అనండి, ఒక చాయ్‌ని రెండు కప్పుల్లో పోసిస్తారు.

దాంతోపాటు ఉస్మానియా బిస్కెట్ తప్పనిసరి. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు మీద వచ్చిన బిస్కెట్ ఇది. మొదట తీపి తగులుతుంది, వెనకే ఉప్పు. చాయ్‌లో ముంచి వెంటనే నోట్లో పెట్టుకోవాలి, ఆలస్యమైతే విరిగి అడుగున పడుతుంది.

5. కడుపుకి విరామం ఇవ్వండి

పది నుంచి ఒంటిగంట దాకా ఏమీ తినకండి. 1591లో కట్టిన చార్మినార్ పైకి టికెట్ తీసుకుని ఎక్కండి, లాడ్ బజార్‌లో గాజులు చూడండి, చౌమహల్లా దాకా నడవండి. ఎండ ఎక్కువగా ఉంటే నీళ్ల సీసా కొనుక్కోండి. కోసి పెట్టిన పండ్ల ముక్కలు, ఐసు వేసిన రంగు షర్బత్‌లు ఎండాకాలంలో ముట్టుకోకపోవడమే మంచిది.

6. ఒంటిగంటకి బిర్యానీ

మదీనా దగ్గరి షాదాబ్‌కి గానీ శాలిబండలోని షాగౌస్‌కి గానీ వెళ్లొచ్చు. నా మాట వింటే మటన్ చెప్పండి. ఇక్కడి కచ్చీ పద్ధతి మటన్‌కే బాగా కుదురుతుంది. మసాలాలో నానబెట్టిన పచ్చి మాంసం అడుగున వేసి, పైన సగం ఉడికిన బియ్యం పరిచి, మూత చుట్టూ పిండి అంటించి దమ్ మీద పెడతారు. మసాలా అంతా అడుగునే ఉంటుంది కాబట్టి ప్లేట్‌లోకి వచ్చాక తెల్లన్నం ఒక్కటే తినేయకుండా అడుగు నుంచి పైకి తీసుకుంటూ తినండి. మిర్చీ కా సాలన్‌ని గుమ్మరించకండి, ముద్దకి కొంచెం చాలు. పల్లీలు, నువ్వులు, చింతపండు కలిసిన ఆ చిక్కటి పులుసు ఎక్కువైతే బిర్యానీ వాసన పోతుంది.

పిల్లలతో వెళ్తే ఫ్యామిలీ సెక్షన్ అడగండి. చివర్లో ఖుబానీ కా మీఠా (ఎండు ఆప్రికాట్లతో చేసే తీపి) ఒక్కటి చెప్పి అందరూ పంచుకోండి.

7. రంజాన్‌లో వెళ్తే

ఈ వరుస తలకిందులవుతుంది. పగలు చాలా హోటళ్లు మూసే ఉంటాయి, ఊరు సాయంత్రం లేస్తుంది. 2010లో జీఐ (భౌగోళిక గుర్తింపు) పొందిన హైదరాబాదీ హలీమ్ రుచి ఈ నెలలోనే చూడాలి. మట్టి భట్టీల మీద గోధుమలు, మాంసం, పప్పులు, నెయ్యి గంటల తరబడి ఉడుకుతాయి, మనుషులు నిలబడి పొడవాటి కర్ర ఘోట్నీలతో దంచుతూనే ఉంటారు. శాలిబండలో పిస్తా హౌస్ ముందు జనాన్ని చూసి భయపడకండి, వరుస త్వరగానే కదులుతుంది.

ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ఇఫ్తార్ (ఉపవాసం విడిచే) వేళకి పొద్దుటి నుంచి మంచినీళ్లు కూడా ముట్టనివాళ్లు అక్కడికి వస్తారు. ఆ అరగంట కుర్చీలు వాళ్లకి వదిలేయండి. తర్వాత తీరిగ్గా కూర్చుని, వేయించిన ఉల్లిపాయ, నిమ్మకాయతో హలీమ్ తినండి. అదే రాత్రి బిర్యానీ కూడా తినాలనుకోవద్దు, రెండూ బరువే.

8. ఇంటికి తీసుకెళ్లాల్సినవి

ఉస్మానియా బిస్కెట్లు వెనక్కి వచ్చేటప్పుడు కొనండి, పొద్దున్నే కొంటే సంచిలో నలిగి పొడైపోతాయి. ఓవెన్ నుంచి అప్పుడే దించిన ట్రే కనిపిస్తే అందులోంచే తూయించండి. వేడి మీద డబ్బాలో పెట్టి మూత బిగిస్తే ఆవిరికి మెత్తబడతాయి కాబట్టి కాయితం సంచిలోనే ఇంటిదాకా తెచ్చుకుని, పూర్తిగా చల్లారాక డబ్బాకి ఎత్తండి.