ఆటపట్టించడమా, ఏడిపించడమా? పిల్లలు చూసే గేమింగ్ ప్రాంక్ వీడియోలను ఎలా అంచనా వేయాలి

మొన్న దసరా సెలవులకి సూర్యాపేట నుంచి మా చెల్లెలు కొడుకుని తీసుకుని ఖమ్మం మా ఇంటికి వచ్చింది. వాడికి ఏడేళ్లు, మావాడికి పది. ఇద్దరూ చెరో ఫోన్ పట్టుకుని, ఇంట్లో వైఫై మీద దిమ్మెలు పేర్చి ఇళ్లు కట్టే మైన్‌క్రాఫ్ట్ ఆటలో ఒకే వరల్డ్‌లో ఆడుకునేవాళ్లు. చిన్నాడు నాలుగు రోజులు కూర్చుని అందులో ఒక ఇల్లు కట్టాడు. చెక్క గోడలు, గాజు కిటికీలు, లోపల రెండు ఎర్ర మంచాలు. గుమ్మం ముందు, ఎముకలు పెట్టి మచ్చిక చేసుకున్న కుక్క, మెడలో ఎర్ర పట్టీ. దాన్ని టామీ అని పిలిచేవాడు. అన్నం తింటూ కూడా "పెద్దమ్మా, టామీని చూడు" అని ఫోన్ నా ముఖం ముందు పెట్టేవాడు.

ఐదో రోజు మధ్యాహ్నం వాడు నిద్రపోతుంటే మావాడు ఆ ఇంటి కింద వరుసగా టీఎన్‌టీ, అంటే ఆటలో పేలుడు డబ్బాలు, పేర్చాడు. వాడు లేచి ఆటలోకి రాగానే చెకుముకితో అంటించాడు. డబ్బాలు తెల్లగా మెరిసి మెరిసి పేలాయి. "ప్రాంక్ బ్రో!" అని మావాడు మంచం మీద ఎగిరాడు. చిన్నాడు వెంటనే ఏడవలేదు. ఆ గుంట చుట్టూ తిరుగుతూ టామీ కోసం వెతికాడు. దొరకలేదని అర్థమయ్యాక ఏడ్చాడు. రాత్రి అన్నం ముట్టలేదు.

మైన్‌క్రాఫ్ట్ ఎప్పటికప్పుడు తనే సేవ్ చేసుకుంటూ పోతుంది. జరిగినదాన్ని వెనక్కి తిప్పే బటన్ లేదు. చచ్చిపోయిన కుక్క మళ్లీ రాదు.

"ఇది ఎక్కడ నేర్చుకున్నావు నాన్నా?" అని అడిగితే మావాడు దాచకుండా వీడియో చూపించాడు. ఆ రాత్రి దాన్ని మొదటి నుంచి చివరిదాకా చూశాను. తర్వాత రెండు వారాలు వాడు చూసేవన్నీ వాడితో కలిసి చూశాను. నేను సాయంత్రాలు ఇంట్లో ట్యూషన్ చెబుతాను. రెండో తరగతి నుంచి ఏడో తరగతి దాకా పిల్లలు వస్తారు. వాళ్లు చూసేవి కూడా అడిగి తెలుసుకున్నాను. వాటిని ఎలా చూడాలో నాకు అప్పుడు తెలిసినంత ఇక్కడ రాస్తున్నాను.

ముందు యూట్యూబ్‌లో హిస్టరీ తెరవండి. మన ఇళ్లలో పిల్లలు చాలావరకు అమ్మ ఫోన్‌లో, అమ్మ అకౌంట్‌లోనే చూస్తారు కాబట్టి అంతా అక్కడే ఉంటుంది. పేర్లు చూసి, థంబ్‌నైల్ చూసి తీర్పు చెప్పొద్దు. పేరులో పెద్ద పెద్ద మాటలున్న వీడియో లోపల అమాయకంగా ఉండొచ్చు, కార్టూన్ బొమ్మ ఉన్న వీడియో లోపల ఘోరంగా ఉండొచ్చు. పిల్లలు ఎక్కువగా చూసే రెండు మూడు ఛానెళ్లు ఎంచుకుని ఒక్కో దాంట్లో ఒక వీడియో పూర్తిగా చూడండి.

పూర్తిగా చూడమని ఎందుకంటున్నానంటే, పిల్లలు పూర్తిగా చూడరు. వీడియో కింద ఎర్ర గీత మీద వేలు పెట్టి జరిపితే చాలా వీడియోలకి బూడిద రంగులో చిన్న చిన్న గుట్టల్లాంటి ఆకారం కనబడుతుంది. జనం మళ్లీ మళ్లీ చూసిన చోట గుట్ట ఎత్తుగా లేస్తుంది. మావాడు చూపించిన వీడియో పద్నాలుగు నిమిషాలు. ఎత్తైన గుట్ట సరిగ్గా ఇల్లు పేలిన చోట ఉంది. చివరి నిమిషంన్నరలో ప్రాంక్ చేసినవాడు తన స్నేహితుడికి పాతదానికంటే పెద్ద ఇల్లు కట్టి ఇచ్చాడు, ఇద్దరూ నవ్వుకున్నారు. అక్కడ గీత నేలకి అంటుకుపోయింది. మావాడు ఆ ముక్క ఒక్కసారి కూడా చూడలేదట, పేలుడు అవగానే ఇంకో వీడియోకి వెళ్లిపోయేవాడట. వీడియో చేసినవాళ్లు క్షమాపణ కూడా పెట్టారు. మా ఇంటిదాకా వచ్చింది పేలుడు మాత్రమే. అందుకే మీరు చూసేటప్పుడు మొదట ఆ ఎత్తైన గుట్ట దగ్గరికే వెళ్లండి. మీ పిల్లల మనసులో నిలిచేది అక్కడున్న ముప్పై సెకన్లే.

అక్కడ ఎవరిని చూడాలి? ప్రాంక్ చేసేవాడిని కాదు, ప్రాంక్‌కి గురైనవాడిని. మన భాషలోనే దీనికి రెండు మాటలున్నాయి: ఆటపట్టించడం, ఏడిపించడం. పెళ్లిలో పెళ్లికొడుకు చెప్పులు దాస్తే అది ఆటపట్టించడం. అవి దొరుకుతాయని ఆయనకీ తెలుసు, ఆ నవ్వుల్లో ఆయనా ఉంటాడు. ఏడిపించడంలో ఒక్కవైపే నవ్వు ఉంటుంది. నేను చేసే పని ఏమిటంటే, ఆ ముప్పై సెకన్లు ఫోన్ బోర్లా పెట్టి గొంతులు మాత్రమే వింటాను. బొమ్మలు, మ్యూజిక్, ఎగిరే అక్షరాలు పక్కకి పోతే గొంతు నిజం చెబుతుంది. అవతలివాడి గొంతులో నవ్వు ఉందా, కోపం ఉందా, వణుకు ఉందా అన్నది ఇట్టే తెలుస్తుంది. వణుకు వినిపించి, దాని మీద ఇవతలివాడి నవ్వు పడుతుంటే ఆ ఛానెల్ పదేళ్లలోపు పిల్లలకి వద్దు. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

గొంతు విన్నాక ఇంకో రెండు విషయాలు చూస్తాను. పోయింది ఏమిటి, తిరిగి వచ్చిందా? స్నేహితుడి గది నిండా కోళ్లని వదలడం వేరు, నెలల తరబడి కట్టినదాన్ని కాల్చేయడం వేరు. రెండోది, అవతలివాడు తెలిసినవాడా, దారిన పోయేవాడా? రోజూ కలిసి వీడియోలు చేసే నలుగురు స్నేహితులు ఒకరినొకరు ఆటపట్టిస్తే చాలాసార్లు అందరికీ ముందే తెలిసి ఉంటుంది. మనకి అది నటన అని అర్థమవుతుంది, ఏడేళ్ల పిల్లాడికి అర్థం కాదు. వాడికి చెప్పాలి.

ముక్కూమొహం తెలియని ఆటగాళ్లని పట్టుకునే వీడియోలు నాకు ఎక్కువ టెన్షన్ పెట్టాయి. ఫ్రీ ఫైర్ మ్యాక్స్ అనే తుపాకుల ఆటలో వాయిస్ చేంజర్ పెట్టుకుని అమ్మాయి గొంతుతో మాట్లాడి, అవతలి కుర్రాడి చేత డైమండ్స్‌తో (ఆ ఆటలో డబ్బులాంటివి) గిఫ్టులు కొనిపించుకుని నవ్వే రకం ఒకటుంది. అవతల ఉన్నది ఏ ఊళ్లో ఏ వయసు పిల్లాడో ఎవరికీ తెలియదు. మా ట్యూషన్‌లో ఆరో తరగతి అబ్బాయిలు దాన్ని అచ్చంగా అనుకరించడం నేను విన్నాను. "నీ ఐడీ ఇవ్వు, పాస్‌వర్డ్ చెప్పు, గిఫ్ట్ పంపిస్తా" అనే ప్రాంక్ ఇంకా ప్రమాదం, ఎందుకంటే అది నిజమైన మోసం నడిచే పద్ధతే. సరదాగా నేర్చుకున్న పిల్లాడు రేపు నిజంగా అడిగినవాడికీ పాస్‌వర్డ్ చెప్పేస్తాడు. ఆటలో నుంచి బయటికొచ్చి అమ్మ ఫోన్, నాన్న యూపీఐ, ఎవరి ఇంటి అడ్రస్ అయినా వీడియోలోకి వచ్చిందంటే అక్కడితో ఆపేయండి.

అసలు ఆట ఎవరి కోసం తయారైందో కూడా చూడాలి. మైన్‌క్రాఫ్ట్‌కి యూరప్‌లో ఏడేళ్లు నిండినవాళ్లకని రేటింగ్ ఉంది. నేరాలు, కాల్పులతో నడిచే జీటీఏ ఫైవ్ ఆటకి పద్దెనిమిది. కానీ మన పిల్లలు చూసే జీటీఏ వీడియోల్లో ఆ ఆటలోని పాత్ర ఫ్రాంక్లిన్ పక్కన కార్టూన్ పిల్లాడు షించాన్ బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మ చూసి మనం పిల్లల వీడియో అనుకుని పక్క గదిలోకి వెళ్లిపోతాం. లోపల తుపాకులు, కార్లతో మనుషుల్ని గుద్దడం ఉంటాయి.

ఇంకో చిన్న గుర్తు. వీడియో పెట్టినవాళ్లు అది పిల్లల కోసం అని యూట్యూబ్‌కి చెబితే దాని కింద కామెంట్లు ఉండవు. 2020 నుంచి ఇదే పద్ధతి. కామెంట్లు నిండుగా ఉన్నాయంటే, అది పిల్లల వీడియో అని చేసినవాళ్లు కూడా చెప్పలేదన్నమాట. ఆ కామెంట్లు ఒక పది చదవండి, ఛానెల్ చుట్టూ చేరినవాళ్లు ఎలాంటివాళ్లో తెలిసిపోతుంది. కింద డిస్క్రిప్షన్‌లో లింకులు కూడా చూడండి. ప్రాంక్ మధ్యలో హఠాత్తుగా ఆగి, ఏదో యాప్‌లో డబ్బులు గెలుచుకోమని చెప్పే తెలుగు వీడియోలు నేనే చూశాను. ఆన్‌లైన్ జూదాన్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని, వాటి ప్రకటనల్ని నిషేధిస్తూ 2025 ఆగస్టులో కేంద్ర చట్టమే వచ్చింది. పాత వీడియోల్లో ఆ ముక్కలు ఇంకా ఉండవచ్చు.

"యూట్యూబ్ వాళ్లే చూసుకుంటారు కదా" అని మా చెల్లెలు అంది. పిల్లల్ని తీవ్రంగా బాధపెట్టే ప్రాంక్‌లు, ప్రాణం పోతుందేమో అని భయపెట్టే ప్రాంక్‌లు కుదరవని 2019 జనవరిలో వాళ్లు స్పష్టంగా చెప్పారు. కానీ దానికి రెండేళ్ల ముందు అమెరికాలో మేరీల్యాండ్‌లో ఒక జంట తమ పిల్లల మీదే ప్రాంక్‌లు చేసి, ఏడిపించి, ఆ ఏడుపుని లక్షల మందికి చూపించింది. 2017లో కోర్టు వాళ్లకి శిక్ష వేసే దాకా వెళ్లింది. అన్ని లక్షల మంది చూశాకే అది ఆగింది. అందుకని మొదటి కాపలా మనదే.

సెట్టింగులు కొంత పని చేస్తాయి. చిన్నపిల్లలకి యూట్యూబ్ కిడ్స్‌లో మనం ఎంచిన వీడియోలు మాత్రమే వచ్చేలా పెట్టొచ్చు. తొమ్మిది దాటిన పిల్లలు అందులో ఉండరు, బోర్ అంటారు. వాళ్లకి గూగుల్ వాళ్ల ఫ్యామిలీ లింక్ యాప్‌తో పర్యవేక్షణ ఉన్న అకౌంట్ తెరిచి, మొదటి మెట్టు ఎక్స్‌ప్లోర్ దగ్గర ఉంచండి. అమ్మ అకౌంట్‌లోనే చూస్తుంటే, వద్దనుకున్న ఛానెల్ వీడియో పక్కన మూడు చుక్కలు నొక్కి ఆ ఛానెల్‌ని ఇక చూపించొద్దని చెప్పండి. ఆటోప్లే ఆపేయండి.

పిల్లల దగ్గర ఛానెల్ ఆపేటప్పుడు మాత్రం చెప్పి ఆపండి. నేను మొదటి రోజు అరిచి ఫోన్ లాక్కున్నాను, మావాడు మూడు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. తర్వాత వాడిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ వీడియోలో వాడు ఎప్పుడూ చూడని చివరి నిమిషంన్నర చూపించాను. "వీడు ఇల్లు మళ్లీ కట్టిచ్చాడు కన్నా. నువ్వు?" అని అడిగాను. ఏమీ అనలేదు. రాత్రి వాళ్ల పిన్నికి ఫోన్ చేసి చిన్నాడిని పిలవమన్నాడు.

సంక్రాంతికి వాళ్లు మళ్లీ వచ్చారు. ఇద్దరూ కలిసి అదే చోట ఇల్లు కట్టారు, ఇంకో కుక్కని తెచ్చుకున్నారు. దాన్ని టామీ అనడానికి చిన్నాడు ఒప్పుకోలేదు, దీని పేరు రాజు. ఈసారి మావాడు నాకు ఒకటి చూపించాడు: మైన్‌క్రాఫ్ట్‌లో వరల్డ్ సెట్టింగుల్లోకి వెళితే కాపీ వరల్డ్ అని ఉంటుంది, నొక్కితే మొత్తం ఊరు ఇంకోటి తయారవుతుంది. ఇప్పుడు ఆడే ముందు కాపీ తీస్తారు. కాపీలో ఇద్దరూ కలిసి టీఎన్‌టీ పెట్టుకుని ఇల్లంతా పేల్చేసి పకపకా నవ్వుతారు. తర్వాత అసలు వరల్డ్ తెరిచి రాజు గుమ్మం ముందు కూర్చున్నాడో లేదో చూసుకుంటారు.