26 అంగుళాల కిక్ డ్రమ్‌కి ఏ హెడ్, లోపల ఎంత గుడ్డ?

24, 26 అంగుళాల కిక్ డ్రమ్ (పెడల్ తొక్కి వాయించే బాస్ డ్రమ్) కొన్న చాలామంది మొదటి వారంలోనే అందులో దిండు కుక్కేస్తారు. స్టూల్ మీద కూర్చున్నవాళ్లకి మోత బాగా ఎక్కువగా వినిపిస్తుంది మరి. కానీ పెద్ద డ్రమ్‌కి డబ్బు పోసేది వెడల్పాటి హెడ్ (డ్రమ్ మీద బిగించే ప్లాస్టిక్ చర్మం) కోసం, లోపలి గాలి కోసం. దిండు ఆ రెండింటినీ నొక్కేస్తుంది. ఇక మిగిలే 'ధప్' అనే చప్పుడు 20 అంగుళాల డ్రమ్‌లోనూ వచ్చేదే. కాబట్టి ముందు హెడ్ ఎంచుకోవాలి, తరవాత ట్యూనింగ్ చూసుకోవాలి. అప్పటికీ మోత మిగిలితేనే గుడ్డ సంగతి.

కొట్టే వైపు హెడ్‌తో మొదలుపెడదాం. కొనేముందు షెల్‌ని, అంటే డ్రమ్ గుండ్రటి డొల్లని, అంచు నుంచి అంచుకి కొలవండి. హూప్ (హెడ్‌ని బిగించే వలయం) మీద కొలిస్తే సైజు తప్పుతుంది. దుకాణంలో ఎన్ని పేర్లున్నా తేడాలు రెండే: ఎన్ని పొరలు, అంచున రింగ్ ఉందా లేదా. రెమో అంబాసిడర్ ఒకే పొర, 10 మిల్, అంటే పావు మిల్లీమీటరు మందం. ఎంపరర్‌లో 7 మిల్ పొరలు రెండుంటాయి. ఈ రెండింటికీ రింగ్ ఉండదు, మోత అంతా బయటికొస్తుంది. పవర్‌స్ట్రోక్ 3లో ఒకే పొర ఉన్నా అంచు లోపల పలుచటి రింగ్ అతికించి ఉంటుంది, అది పైస్థాయి మోతని తగ్గిస్తుంది. ఎవాన్స్ ఈమ్యాడ్‌కి బయట ఫోమ్ రింగ్ పెట్టుకునే చోటు ఉంటుంది. అక్వేరియన్ సూపర్ కిక్ 2లో రెండు పొరలు, వాటికి తోడు లోపల ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని గుడ్డ) రింగ్. ఈ చివరి రెండూ 22 అంగుళాల డ్రమ్ మీద, మైకు ముందు బాగుంటాయి. 26 మీద వేస్తే డ్రమ్ సైజు వినిపించదు.

ఒకటే చెప్పమంటే, కోటెడ్ (పైన గరుకు పూత ఉన్న) పవర్‌స్ట్రోక్ 3. దాన్ని వేశాక లోపల ఏమీ పెట్టకుండా ఒక రోజంతా వాయించి చూడండి. లెడ్ జెప్పెలిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్ వాయించిన 26 × 14 (26 అంగుళాల వెడల్పు, 14 అంగుళాల లోతు) లుడ్విగ్ డ్రమ్ తరహాలో విశాలంగా మోగాలనుకుంటే కోటెడ్ ఎంపరర్ వేసి, దాని కింద ఫెల్ట్ పట్టీ పెట్టండి. పవర్‌స్ట్రోక్ కింద మాత్రం పట్టీ వద్దు. రింగ్ చేసే పనే పట్టీ కూడా చేస్తుంది, రెండూ కలిస్తే చప్పుడు చచ్చిపోతుంది.

ఫెల్ట్ పట్టీ పాత పద్ధతే అయినా పెద్ద డ్రమ్‌కి ఇప్పటికీ దానికి మించింది లేదు. 3 అంగుళాల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉన్ని ఫెల్ట్ తీసుకోండి. 26 అంగుళాల డ్రమ్‌కి 30 అంగుళాల పొడవు సరిపోతుంది. హెడ్ తీసేసి, పొడి గుడ్డతో బేరింగ్ ఎడ్జ్ (హెడ్ ఆనే షెల్ అంచు) తుడవండి. డ్రమ్‌ని పడుకోబెట్టి, ఒక అంచు నుంచి వ్యాసంలో మూడో వంతు దూరంలో పట్టీని నిలువుగా లాగి పరచండి. రెండు కొనలూ షెల్ బయటికి రెండు మూడు అంగుళాలు వేలాడాలి. వాటిని టేపుతో తాత్కాలికంగా పట్టి ఉంచి, పైన హెడ్, హూప్ బిగించాక టేపు తీసేయండి. మన ఎండలకి టేపు జిగురు కరిగి షెల్ పాలిష్‌కి అంటుకుంటుంది. పట్టీని సరిగ్గా మధ్యలోంచి పోనివ్వకండి, బీటర్ (పెడల్‌కి ఉండే సుత్తి) తగిలే చోట ఫెల్ట్ ఉంటే దెబ్బ మెత్తబడుతుంది. పట్టీ వదులుగా ఉన్నా ఇబ్బందే, హెడ్‌కి ఆనీ ఆనకుండా గరగరమంటుంది.

ట్యూనింగ్‌లో చిన్న డ్రమ్ అలవాటు ఇక్కడ పనికిరాదు. అన్ని రాడ్లనీ (హూప్‌ని బిగించే మరలని) వేళ్లతో తిరిగినంతవరకు తిప్పండి. అరచేత్తో మధ్యలో గట్టిగా నొక్కి, ఎదురెదురు రాడ్లని డ్రమ్ కీతో అర చుట్టు చొప్పున తిప్పుతూ ముడతలు పోయేదాకా వెళ్లండి. 22 మీద చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఒకే బిగువులో హెడ్ ఎంత వెడల్పైతే శ్రుతి అంత కిందికి పోతుంది. అందుకే 26 మీద అక్కడ ఆపితే హెడ్ కాగితంలా పటపటమంటుంది, పెడల్ కూడా వెనక్కి లేవదు. ప్రతి రాడ్‌కీ పావు చుట్టు చొప్పున మరో రెండు సార్లు బిగించండి. ముందు వైపు హెడ్ దానికంటే కాస్త పై శ్రుతిలో ఉంటే స్వరం నిలబడుతుంది.

ముందు హెడ్‌కి రంధ్రం కోసే తొందర వద్దు. కోసింది మళ్లీ అతకదు. మైకు లోపలికి పెట్టాల్సిందేనని సౌండ్ అబ్బాయి పట్టుబడితే 4 లేదా 5 అంగుళాలు చాలు, అదీ గడియారంలో 4 గంటల చోట, అంచు నుంచి 3 అంగుళాలు వదిలి. 7 అంగుళాలు దాటితే ముందు హెడ్ ఉన్నా లేనట్టే. కోసిన అంచుకి ప్లాస్టిక్ రింగ్ వేయకపోతే అక్కడి నుంచి చిరుగుతుంది.

మఫ్లింగ్ (గుడ్డతో మోత తగ్గించడం) గురించి నిర్ణయం స్టూల్ మీద కూర్చుని తీసుకోకూడదు. వేరొకరిని పెడల్ తొక్కమని 20, 30 అడుగుల దూరంలో నిలబడి వినండి. దగ్గర చెవులు హోరెత్తించిన మోతలో చాలా భాగం అక్కడికి చేరదు, గిటార్లు, కీబోర్డు మొదలయ్యాక ఇంకా తగ్గుతుంది. రేకుల కప్పు, గచ్చు గోడల చర్చి హాల్లో అయితే గదే మోగుతుంది కాబట్టి కొంచెం గుడ్డ అవసరమే. ఆరుబయట పెళ్లి ఆర్కెస్ట్రాలో చాలాసార్లు అసలు అక్కర్లేదు.

గుడ్డ అంటే ఒక స్నానం తువ్వాలు, అంతే. 14 అంగుళాల లోతు డ్రమ్‌కి దాన్ని 15 అంగుళాల వెడల్పు వచ్చేలా మడిచి అడుగున పరిస్తే, రెండు కొనలూ రెండు హెడ్లకీ కింది భాగంలో అర అంగుళం మేర ఆనుతాయి. ఎక్కువనిపిస్తే ముందు హెడ్ నుంచి వెనక్కి జరపండి. స్పాంజి ముక్కలు పెట్టకండి, ఉక్కపోతకి కొన్నేళ్లలో పొడిగా రాలి అంచుల్లో ఇరుక్కుంటాయి. షెల్‌కి ఉన్న చిన్న గాలి రంధ్రం మీద తువ్వాలు పడకుండా చూడండి.

ఇంత చేసినా బాస్కెట్‌బాల్ ఎగిరినట్టు 'బోయ్' అంటుంటే రెండు హెడ్లూ ఒకే శ్రుతిలో ఉన్నాయన్నమాట. కొట్టే వైపు రాడ్లని ఎనిమిదో వంతు చుట్టు వదులు చేయండి. 'టక్' తప్ప బరువు లేకపోతే గుడ్డ తీసి చూడండి, చెక్క బీటర్ ఉంటే ఫెల్ట్ బీటర్‌కి మారండి. ముడత ఒకే చోట ఎంత బిగించినా పోకపోతే అక్కడ చెక్క హూప్ వంగిందేమో నేల మీద ఆనించి చూడండి. సన్నటి గరగర వస్తే ఒక్కో లగ్ (రాడ్ దిగే లోహపు దిమ్మ) మీద వేలు నొక్కుతూ పెడల్ తొక్కండి. ఏది నొక్కితే ఆగుతుందో ఆ లగ్ లోపలి స్ప్రింగ్ కదులుతోంది, కాస్త దూది పెడితే సరి.

పెద్ద డ్రమ్‌తో ఇంకో చిక్కు పెడల్‌ది. మామూలు పెడల్ బీటర్ 26 మీద మధ్యకి కాకుండా కిందుగా తగులుతుంది, దాంతో పైస్థాయి మోత పెరుగుతుంది. ఆ మోతని గుడ్డతో ఆపాలని చూసేముందు బీటర్ కడ్డీని పైకి లాగి బిగించండి. కడ్డీ పొడవు పెరిగితే పెడల్ బరువెక్కుతుంది కాబట్టి స్ప్రింగ్ కూడా కొంచెం బిగించాలి. బీటర్ కొత్తగా తగిలే చోట హెడ్ మీద ప్యాచ్ అతికించండి. పాత చోట గుంట పడి ఉంటే ప్యాచ్‌తో సరిపెట్టుకోకుండా హెడ్ మార్చేయండి.