సంపు మూత ఎత్తి చూశారా?

ల్యాబులో రక్తం స్లైడ్లు, మలం శాంపిళ్లు చూస్తూనే నా సర్వీసంతా గడిచింది. పరాన్నజీవుల్లో ఏది ఏ దారిన ఒంట్లోకి వస్తుందో తెలిస్తే ఆ దారి మూసేయొచ్చు.

ముందు మలేరియా. ఆ క్రిమి దోమ కడుపులో పెరుగుతుందని డాక్టర్ రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే. అయినా మనవాళ్లు మలేరియా అనగానే మూసీ వైపు చూస్తారు. మురుగులో పెరిగేది క్యూలెక్స్ దోమ, అది బోదకాలు తెస్తుంది. సిటీలో మలేరియా మోసే అనాఫిలిస్ స్టెఫెన్సీ దోమకి మంచినీళ్లే కావాలి. అంటే మన సంపు, డాబా మీది ట్యాంకు. ఈ మాటంటే మా అపార్ట్‌మెంట్ సెక్రటరీగారు నవ్వారు. వాచ్‌మన్‌తో మూత ఎత్తించి టార్చి వేసి చూపించాకే నమ్మారు.

మీరూ చూడండి. దోమ పిల్లలు నీటిపై పుల్లల్లా అడ్డంగా పడుకుని ఉంటే అనాఫిలిస్. తల కిందికి వేలాడుతుంటే వేరే జాతి. సంపు మూతకి సందు లేకుండా చూడండి. ఓవర్‌ఫ్లో పైపుకి సన్నని జాలీ కట్టండి, దాన్ని అందరూ మర్చిపోతారు. డ్రమ్ములు, బకెట్లు వారానికోసారి ఒంపేసి, తోమి ఆరబెట్టండి. గుడ్డు దోమయ్యేలోపే ఆట కట్టవుతుంది.

రెండో దారి నోరు. పంది మాంసం ముట్టని ఇళ్లలోనూ మెదడులో బద్దెపురుగు తిత్తులు చేరి ఫిట్స్ వస్తాయి. కారణం మాంసం కాదు, మనిషి మలంతో కలుషితమైన ఆకుకూర మీదో, కడగని చేతుల మీదో ఉండే పురుగు గుడ్లు. కొత్తిమీర, పుదీనా కట్ట విప్పి, వేర్లు కోసి, గిన్నెలో నీళ్లు మారుస్తూ కడగండి. ఉప్పునీళ్లలో నానబెడితే గుడ్లు చావవు. చట్నీకైతే ఆకు కాస్త వేయిస్తే మంచిది. జిగట విరేచనాలు తెచ్చే అమీబా తిత్తులు మామూలు క్లోరిన్‌కి లొంగవు, నల్లా నీళ్లు తెర్లేదాకా కాచాల్సిందే.

కొంకిపురుగు మట్టిలోంచి అరికాలి చర్మం గుండా దూరుతుంది. పిల్లలు మట్టిలో ఆడితే చెప్పులుండాలి, అంతే.

రాత్రిళ్లు పిల్లలు ఆసనం దగ్గర గోక్కుంటున్నారంటే నులిపురుగులు కావచ్చు. గోళ్లలో గుడ్లు చేరి మళ్లీ నోట్లోకే పోతాయి. గోళ్లు కత్తిరించండి, దుప్పట్లు ఉతకండి. డాక్టరు మందు రాస్తే ఒక్క బిడ్డకే కాదు, ఇంటిల్లిపాదీ వేసుకోవాలి. రెండు వారాల తర్వాత మళ్లీ వేయమంటారు, మానొద్దు.

చలిజ్వరం వస్తే మెడికల్ షాపులో అడిగి మలేరియా మాత్రలు మింగకండి. ముందు రక్తం ఇవ్వండి. మందు పడ్డాక స్లైడులో క్రిమి దొరకడం కష్టం.