పెరిగిన ధరల్లో పాత బేస్ గిటార్‌ను సరిగ్గా ఎంచుకోవడం ఎలా?

హైదరాబాదులో పాత బేస్ గిటార్ కొనబోయేవారిలో చాలామంది ముందు హెడ్‌స్టాక్ (గిటార్ తల భాగం) మీది పేరు చదివి, ఆ పేరుకు ఎంత ఇవ్వవచ్చో లెక్క వేసుకొని, ఆ తరువాతే వాయిద్యాన్ని చేతిలోకి తీసుకుంటారు. చర్చి బృందాల్లోని పిల్లలకూ, పెళ్లి ఆర్కెస్ట్రాల్లోని మిత్రులకూ సికింద్రాబాద్ నుంచి ఆబిడ్స్ దాకా తిరిగి ఎన్నో బేస్‌లు ఇప్పించిన నేను, ఈ ఒక్క పొరపాటు వల్ల కష్టార్జితం పోవడం పదేపదే చూశాను. పాత బేస్‌లో మనం నిజంగా కొనేది నెక్‌నే, అంటే స్ట్రింగ్స్ (తీగలు) సాగే పొడవైన కలప భాగాన్నే. తక్కినవన్నీ తరువాత మార్చుకోవచ్చు.

ట్యూనర్ (స్వరం సరిచూసే పరికరం), కేబుల్, విజిటింగ్ కార్డు, అలెన్ కీల సెట్టు వెంట ఉంటే చాలు. మొదటి బేస్‌కు నాలుగు స్ట్రింగ్సే ఉండాలి. ఐదు స్ట్రింగ్స్‌ది తరువాత కొనుక్కోవచ్చు. పగటి వెలుతురులోనే చూడాలి.

ముందుగా ఆ బేస్ తన కంపెనీ ధరల మెట్లలో ఎక్కడ ఉన్నదో తేల్చుకోవాలి. అమెరికా గిటార్ కంపెనీ ఫెండర్‌నే తీసుకుంటే, కింద స్క్వయర్ పేరుతో సోనిక్, అఫినిటీ, క్లాసిక్ వైబ్ వరుసలు, వాటి పైన మెక్సికోలో తయారయ్యే ప్లేయర్, ఆ పైన కాలిఫోర్నియాలోని కరోనా ఫ్యాక్టరీ నుంచి వచ్చే అమెరికన్ వరుసలు ఉన్నాయి. జపాన్ కంపెనీ ఐబనెజ్‌లో కింది వరుస జియో (Gio) నుంచి జపాన్‌లో చేసే ప్రెస్టీజ్ దాకా ఇదే ఏర్పాటు. 1951లో వచ్చిన ఫెండర్ ప్రెసిషన్ బేస్ నాటి 34 అంగుళాల స్కేలే (స్ట్రింగ్ మోగే పొడవే) ఈ మెట్లలో అధిక భాగం మోడళ్లకు ఉంటుంది కనుక, దూరం నుంచి చూస్తే అన్నీ ఒకటే అనిపిస్తాయి. అందుకే పేరును కాక సీరియల్ నంబరును చదవాలి. 2010 తరువాతి సాధారణ ఫెండర్ మోడళ్లలో ఎంఎక్స్ అంటే మెక్సికో, యూఎస్ అంటే అమెరికా. స్క్వయర్ మీద ఐసీఎస్ అని ఉంటే ఇండోనేసియాలోని కోర్ట్ ఫ్యాక్టరీ చేసినది. స్క్వయర్ నెక్ మీద ఫెండర్ స్టిక్కర్ అంటించి అమ్మేవారు ఉన్నారు కాబట్టి, నంబరుకూ పేరుకూ పొంతన కుదరకపోతే అక్కడితో ఆపేయాలి.

ధరలు పెరిగాయన్న మాట నిజమే. 2010లో 45 రూపాయల దగ్గర ఉన్న డాలరు 2024 నాటికి 83 దాటింది, అంటే డాలర్లలో ధర ఏమీ మారకపోయినా దిగుమతి బేస్ మనకు దాదాపు రెట్టింపు అవుతుంది. అయితే ఈ పెరుగుదలను చూపి పాత సరుకుకు కొత్త ధర అడగడం న్యాయం కాదు. జిట్రేగి అని మనం పిలిచే భారతీయ రోజ్‌వుడ్ మీద 2017 జనవరిలో వచ్చిన అంతర్జాతీయ ఆంక్షల నుంచి తయారైన వాయిద్యాలకు 2019 నవంబరులో మినహాయింపు లభించింది కనుక, ‘రోజ్‌వుడ్ ఇక దొరకదు’ అన్న మాటకు అదనంగా చెల్లించవద్దు. పాతదాని ధర, అదే మోడల్ కొత్తది ఈనాడు పలికే ధరలో సగం దాటకూడదు.

ఇక అసలు పరీక్ష నెక్. ఇక్కడ తొందర పనికిరాదు. ముందు స్ట్రింగ్స్‌ను ఈ (E), ఏ (A), డీ (D), జీ (G) స్వరాల స్థాయికి పూర్తిగా ట్యూన్ చేయించి పది నిమిషాలు ఆగాలి; నాలుగు స్ట్రింగ్స్ కలిసి దాదాపు 80 కిలోల బరువుతో లాగుతాయి, ఆ లాగుడు లేనప్పుడు వంగిన నెక్ కూడా తిన్నగానే కనిపిస్తుంది. ఒక మే నెలలో, స్ట్రింగ్స్ వదులుగా ఉన్న బేస్‌ను ఒక దుకాణంలో అలాగే చూసి కొన్నాను. ఇంట్లో ట్యూన్ చేసిన సాయంత్రానికి ఏడో ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీ) దగ్గర స్ట్రింగ్ కింద రూపాయి బిళ్ల పట్టేంత సందు ఏర్పడింది. నెక్ లోపల ఉండి దాని వంపును సరిచేసే లోహపు కడ్డీ, ట్రస్ రాడ్‌లో అలెన్ కీ పెట్టి తిప్పితే ఏ పట్టూ లేకుండా గిర్రున తిరిగింది; మరలు అరిగిపోయాయి. ఆ నెక్‌ను ఎవరూ బాగు చేయలేకపోయారు.

కాబట్టి లావు స్ట్రింగ్‌ను మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, చివరి ఫ్రెట్ దగ్గర మరో చేత్తో నొక్కి పట్టుకొని, ఏడు, ఎనిమిది ఫ్రెట్ల మీద సందు ఎంత ఉన్నదో పక్కనున్నవారి చేత విజిటింగ్ కార్డు పెట్టించి చూడాలి. కార్డు మందం, అంటే 0.3 మిల్లీమీటర్లు ఉంటే మంచిది. ఎక్కువైతే నెక్ ముందుకు వంగింది. సందే లేకపోతే వెనక్కి వంగి ఉండవచ్చు. రెండూ సరిదిద్దదగినవే, రాడ్ పనిచేస్తేనే. అమ్మేవారి అనుమతి తీసుకొని, ముందు ఎడమకు పావు చుట్టు వదులు చేసి, మళ్లీ కుడికి యథాస్థానానికి తేవాలి. చేతికి సమంగా బిగువు తగలాలి. బిగువు లేకపోయినా, అప్పటికే చివరి దాకా బిగించి ఉండి ఇంకా వంపు మిగిలినా, ఎంత పెద్ద పేరైనా వదిలేయాలి. బలవంతంగా తిప్పకూడదు, విరిగితే బాధ్యత మనదే.

తరువాత బ్రిడ్జి (బాడీ మీద స్ట్రింగ్స్ కొసలు బిగించే భాగం) వైపు నుంచి నెక్ పొడవునా చూస్తూ మొదటి ఫ్రెట్, చివరి ఫ్రెట్ సమాంతరంగా ఉన్నాయా అని గమనించాలి. లేకపోతే నెక్ మెలితిరిగింది, దానిని ఏ రాడ్డూ సరిచేయదు. పన్నెండో ఫ్రెట్ తరువాత స్వరం మొద్దుబారితే బాడీ దగ్గర నెక్ పైకి లేచి ఉండవచ్చు. అదీ రాడ్ అందని చోటు. చివరగా అంచున వేలు జార్చాలి. మన ఎండాకాలపు పొడిగాలికి కలప కుంచించుకుపోయి ఫ్రెట్ల కొసలు గుచ్చుకుంటాయి, అది మాత్రం సాన పెడితే పోయే చిన్న లోపమే. ఇంత చూసే వీలు ఆన్‌లైన్ ఫొటోల్లో లేదు కనుక, పాత బేస్‌ను కొరియర్‌లో తెప్పించుకోవడాన్ని నేను ఒప్పుకోను.

ఎలక్ట్రానిక్స్‌కు రెండు నిమిషాలు చాలు. నాబ్ తిప్పినప్పుడు గరగర వస్తే శుభ్రం చేయించుకోవచ్చు. స్ట్రింగ్ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పికప్ అసలు పలకకపోతే దాని ఖరీదు ధరలో తగ్గించమనాలి.

కొన్నాక 45–105 మందం (అంగుళంలో వెయ్యో వంతుల్లో) కొత్త స్ట్రింగ్స్ వేసి, ట్యూన్‌లోనే ఉంచి, రెండు వారాల తరువాత సెటప్, అంటే నెక్ వంపు, స్ట్రింగ్స్ ఎత్తు సరిచేసే పని, చేయించాలి. ఏప్రిల్, మే నెలల్లో కారు డిక్కీలో ఒక్క గంట కూడా వదలవద్దు.