స్వచ్ఛంద సంస్థకు వెబ్‌సైట్ కట్టడం – 4వ భాగం: విరాళం పేజీ

పోయిన భాగంలో హోమ్ పేజీ పూర్తి చేశాం. మనం పాఠం కోసం అనుకున్న సంస్థ గుర్తుంది కదా, పాడేరు కొండల్లో సాయంత్రం బడులు నడిపేది. ఈసారి దాని విరాళం పేజీ. సైటు మొత్తంలో నేను ఎక్కువ సమయం పెట్టేది ఈ పేజీ మీదే. ఇక్కడిదాకా వచ్చిన మనిషి ఇద్దామనే వచ్చాడు. ఇవ్వకుండా వెనక్కి పోయాడంటే ముందు మన పేజీనే అనుమానించాలి.

మొదట మాటలు చూద్దాం. "గిరిజన బాలల సమగ్ర వికాసానికి చేయూతనివ్వండి" అని రాస్తే కళ్ల ముందు ఏమీ కనపడదు. అది కొట్టేసి, ఒక బడి నెల రోజులు నడవడానికి ఏమేం కావాలో రాయండి: టీచరు జీతం, సోలార్ దీపం, పలకలు, నోటుపుస్తకాలు. ఒక్కోదాని పక్కన ఎంతవుతుందో వెయ్యండి. అంకెలు సంస్థ లెక్కల పుస్తకంలోంచే రావాలి. చూడ్డానికి బాగుంటాయని 500, 1000 వేసెయ్యకండి.

తర్వాత క్యూఆర్ కోడ్. నేను మొదట్లో కట్టిన ఒక సైటులో అదొక్కటే పెట్టాను. మా పిన్ని ఫోన్ చేసి, "ఈ బొమ్మ నా ఫోన్లోనే ఉంది కదరా, దీన్ని దేంతో స్కాన్ చెయ్యను?" అని అడిగింది. ఆవిడ అడిగింది అక్షరాలా నిజం. కంప్యూటర్లో చూసేవాళ్లకే క్యూఆర్ సుఖం. ఫోన్లో చూసేవాళ్లకి యూపీఐ ఐడీని అక్షరాల్లో రాసి, పక్కనే "కాపీ" బటన్ ఇవ్వండి. యాప్‌లో డబ్బు పంపేముందు ఏ పేరు కనిపిస్తుందో కూడా కిందే రాయండి. ట్రస్టు పేరు ఒకటి, ఖాతా పేరు ఇంకొకటి ఉంటే ఎవరికైనా టెన్షనే, అక్కడే ఆగిపోతారు.

ఫారంలో పేరు, చిరునామా, ఫోన్, పాన్ చాలు. పాన్ ఎందుకో ఆ గడి కిందే చెప్పండి: "80జీ రసీదు కోసం", అంటే విరాళం మీద ఆదాయపు పన్ను మినహాయింపు అడగడానికి ఇచ్చే రసీదు. రూ.2,000 దాటి నగదుగా ఇస్తే ఆ మినహాయింపు రాదని, పాత పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకే అది వర్తిస్తుందని కూడా రాయండి. ముందే చెబితే తర్వాత మాట పడక్కర్లేదు.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్ల సంగతి కాస్త నిదానంగా చూడాలి. డాలస్‌లో ఉన్నా భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సంపాదనలోంచి మామూలు బ్యాంకు దారిలో పంపితే అది విదేశీ విరాళం కిందకు రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇస్తే, భారత సంతతివాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. అది తీసుకోవాలంటే సంస్థకు ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) కింద అనుమతి ఉండాలి. ఆ డబ్బు ముందుగా స్టేట్ బ్యాంక్ న్యూఢిల్లీ మెయిన్ బ్రాంచిలో దానికోసమే తెరిచిన ఖాతాలో పడాలి. కాబట్టి డబ్బు కట్టే బటన్ కంటే ముందే "మీది భారత పాస్‌పోర్టేనా?" అని అడగండి. అనుమతి లేని సంస్థ అయితే, కాదన్నవాళ్లకి తీసుకోలేమని మర్యాదగా చెప్పి పేజీ అక్కడే ఆగాలి.

ఇక ఇంటిపని. పేజీ తయారయ్యాక ఇంట్లో పెద్దవాళ్లకి ఫోన్ ఇచ్చి, పది రూపాయలు పంపమనండి. మీరు నోరు మెదపొద్దు. వాళ్ల వేలు ఎక్కడ ఆగిందో కాగితం మీద రాసుకోండి, ముందు అదే సరిచెయ్యండి.

5వ భాగంలో బడి పిల్లల ఫోటోలు: ఎవరిని అడిగి పెట్టాలి, ఏవి అసలు పెట్టకూడదు.