నవ్వకుండా వెక్కిరించడం: వింత ‘పరిష్కారం’ చెప్పే వ్యంగ్య వ్యాసం రాసే పద్ధతి

1729లో ఐర్లండ్ రచయిత జొనాథన్ స్విఫ్ట్ డబ్లిన్‌లో పేరు వేసుకోకుండా అచ్చువేసిన కరపత్రం ‘ఎ మోడెస్ట్ ప్రపోజల్’ (ఒక వినయపూర్వక ప్రతిపాదన). ఈ రకం రచనకు ఇప్పటికీ అదే కొలబద్ద. ఐర్లండ్‌లో పేదల పిల్లలు దేశానికి భారం కాకూడదంటే, ఏడాది నిండగానే వాళ్లను కలిగినవాళ్ల భోజనబల్లకు అమ్మాలన్నది అందులోని సలహా. ఒళ్లు జలదరించేది ఆ సలహాకన్నా దాని లెక్కలకు. పిల్లల్ని కనే జంటలు 2,00,000. పోషించుకోగలిగినవాళ్లు 30,000 పోను, గర్భస్రావాలూ శిశుమరణాలూ 50,000 పోను, ఏటా మిగిలేది 1,20,000 మంది. ఇరవై వేలమందిని సంతతికి ఉంచి లక్షమందిని అమ్మాలి. పెంపకానికి 2 షిల్లింగులు, ధర 10 షిల్లింగులు, తల్లికి మిగులు 8. ఎక్కడా కూడిక తప్పదు, ఎక్కడా గొంతు పెరగదు.

రాయడానికి కూర్చునేముందు ఒక్క వాక్యం విడిగా రాసుకోండి: ఈ సమస్యవల్ల బాగుపడుతున్నది ఎవరు? ఆ వాక్యం వ్యాసంలోకి రాదు గానీ ప్రతి పేరా గురి దానిమీదే ఉండాలి. జవాబు దొరకకపోతే వస్తువు మార్చుకోండి. తుఫానుమీద ఇలాంటి వ్యాసం నిలవదు. తుఫాను సాయం పంపకంమీద నిలుస్తుంది.

ఉదాహరణకు వరకట్నం తీసుకుందాం. లాభపడేది మగపెళ్లివారు. ఇక సలహా చెప్పే మనిషి కావాలి, ఆ మనిషి మీరు కాకూడదు. వ్యవసాయ మార్కెటింగ్ శాఖలో రిటైరైన అధికారి అనుకోండి. దుర్మార్గుడు కాదు, ఆడపిల్లల తండ్రుల కష్టం చూసి నిజంగానే బాధపడేవాడు. తాను హాస్యమాడుతున్నానని అతనికి తెలియదు. వ్యాసమంతా నిలబడేది దీనిమీదే. ఒక్కచోట అతను కన్నుగీటినా, ఒక్క ఆశ్చర్యార్థకం పడినా, ‘ఆహా మన సమాజం’ అన్నా పాఠకుడికి ఊరట దొరుకుతుంది. ఆ ఊరట దొరకనివ్వకూడదు.

సలహా ఆకాశంనుంచి ఊడిపడకూడదు. ఇప్పటికే జరుగుతున్నదానికి ఒక్క మెట్టు ఎక్కువగా ఉండాలి. బేరం ఎలాగూ నడుస్తోంది, లేనిది రసీదే. కాబట్టి పెళ్లికొడుకుల్ని మార్కెట్ యార్డులో గ్రేడు కట్టి, బహిరంగ వేలం వేసి, బిల్లిచ్చి అమ్మాలంటాడు మన అధికారి. ఇక భాషంతా యార్డుదే. ధాన్యంలో తేమ 17 శాతం దాటితే కొర్రీ పెడతారు కదా, వరుడికి తేమకు బదులు అప్పులు కొలవాలి. చెప్పిన జీతానికీ పేస్లిప్పుకీ ఉన్న తేడా తరుగు కింద కోయాలి. అమెరికా సరుకు వీసా కాగితాలు చూపాకే కాటాకెక్కాలి. వింత ఒక్కటే ఉండాలి. మిగతాదంతా దాని నిర్వహణ వివరం. రెండో వింత తెచ్చారా, మొదటిది జోకైపోతుంది.

లెక్క తప్పక వేయండి. పాట 20 లక్షలకు కొట్టేస్తే, ఒక శాతం సెస్సు 20 వేలు, చదువుకు పెట్టిన పెట్టుబడి 12 లక్షలు పోను పెళ్లికొడుకు తండ్రికి నికరంగా 7 లక్షల 80 వేలు. ఇవి అధికారి ఊహించిన అంకెలని తెలుస్తూనే ఉంటుంది. ప్రభుత్వ గణాంకమని చెప్పేది మాత్రం నిజమైనదే అయ్యుండాలి. అది దొంగదని తేలితే వ్యాసం మొత్తం దొంగదవుతుంది.

చివరి మూడోవంతులో అసలు మందు దాచాలి, కొట్టిపారేస్తున్నట్టుగా. స్విఫ్ట్ కూడా పరాయిచోట కాపురముండే భూస్వాములమీద పన్ను వంటి నిజమైన మార్గాలన్నీ వరసగా చెప్పి, వాటి ఊసు నా దగ్గర ఎత్తొద్దంటాడు. మన అధికారి కూడా అంతే: ‘1961 వరకట్న నిషేధ చట్టాన్ని అమలు చేయాలనీ, 1985 నిబంధనల ప్రకారం పెళ్లి కానుకల జాబితా రాయించాలనీ, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986 సవరణతో కూతురికి వచ్చిన ఆస్తి వాటాను నిజంగా చేతికివ్వాలనీ కొందరు అంటారు. ఆచరణకు అందని మాటలు.’

ఎక్కువమంది చెడగొట్టేది గురి తప్పి. పెళ్లికూతురి రంగుమీదో, ఆమె తండ్రి అమాయకత్వంమీదో ఒక్క చమత్కారం దొర్లినా వ్యాసం వాళ్లమీదికే తిరుగుతుంది. కులం, యాస కూడా అంతే. దిద్దేటప్పుడు నవ్వొచ్చిన ప్రతిచోటా ఆగి, ఇక్కడ ఎవరు దెబ్బతిన్నారో చూసుకోండి.

నిడివి 800 మాటలు చాలు. మొదటి పావు భాగం అచ్చంగా నివేదికలా సాగాలి, సలహా ఆ తర్వాతే. ముగింపులో అధికారి తనకిందులో స్వార్థం లేదని చెప్పుకోవాలి: ‘మా అబ్బాయి పెళ్లి ఏనాడో అయిపోయింది. కట్నం పైసా తీసుకోలేదు, లాంఛనాలు మాత్రమే.’ అక్కడ ఆపేయండి, వివరణ వద్దు. ‘వ్యంగ్యం’ అన్న మాట వ్యాసం పేరులో కాకుండా దాని పైన కాలమ్ పేరుగా వేయండి. ఫోన్లలో ముక్కలుగా తిరిగే రోజుల్లో అదైనా లేకపోతే యార్డు ఎక్కడని అడిగేవాళ్లు నిజంగానే వస్తారు.